పప్పు డబ్బా ఖాళీ కాకుండా

శ్రోతలకు నమస్కారం.

జీతం చేతికి రాగానే నెల సరుకుల చీటీ రాసుకోవడం మన ఇళ్లలో మామూలే. బియ్యం, పప్పులు, నూనె, చింతపండు, ఎండుమిర్చి, పోపు సామాన్లు, చక్కెర, టీ పొడి... వరసగా రాసుకుంటూ పోతాం. కూడి చూస్తే అనుకున్న బడ్జెట్ దాటిపోతుంది. అప్పుడు కోత ఎక్కడ పడుతుంది? చాలా ఇళ్లలో పప్పు మీదే. రెండు కిలోల కందిపప్పు కాస్తా కిలో అవుతుంది. బిస్కెట్లు, నూడుల్స్ ప్యాకెట్లు మాత్రం చీటీలో అలాగే ఉంటాయి. మూడో వారం వచ్చేసరికి పిల్లల కంచంలో చారు, పచ్చడే కనిపిస్తాయి. గుడ్లూ మాంసమూ రోజూ కొనలేని ఇంటికి పప్పే బలం. అది తగ్గితే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఏ నెలా పప్పు డబ్బా అడుగు కనిపించకుండా, ఉన్న డబ్బుతోనే వంటిల్లు ఎలా నడుపుకోవచ్చో ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు కందిపప్పు సంగతి. కంది మనకు ప్రధానంగా ఖరీఫ్ పంట. డిసెంబరు నుంచి కోతలు మొదలై, చలికాలం వెళ్లేసరికి కొత్త పప్పు కొట్లలోకి వస్తుంది. మామూలు ఏడాదిలో ధర కాస్త దిగేది అప్పుడే. పంట దెబ్బతిన్న ఏడు వేరు. 2015 చివర్లో కిలో 200 రూపాయల దాకా పోయిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చేతిలో కాస్త డబ్బు ఆడితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాలుగైదు నెలలకు సరిపడా తీసుకోండి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు రుచికి పేరున్నదే. కానీ ధర ఎక్కువ అనిపిస్తే మామూలు రకమే తీసుకోండి, బలానికి లోటేమీ లేదు.

కొన్నది పురుగు పడితే ఆదా చేసింది మొత్తం చెత్తబుట్ట పాలవుతుంది. పప్పు తెచ్చిన రోజే డబ్బాలో పోయకండి. చాప మీద పల్చగా పరిచి ఒక పూట మంచి ఎండ తగలనివ్వండి. తర్వాత నీడలో పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. చల్లారాక అరచేతులకు కాస్త ఆముదం రాసుకుని పప్పును తేలిగ్గా రుద్దండి. గింజకు సన్నని పొర పట్టి పురుగు చేరడం తగ్గుతుంది. వండే ముందు బాగా కడిగితే ఆముదం వాసన పోతుంది. బియ్యానికైతే ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు చాలు. కొన్ని ఇళ్లలో బోరిక్ పౌడర్ కలుపుతారు. తినే గింజలో అది వద్దు.

లూజుగా, మరీ చవకగా దొరికే కందిపప్పును కొనేముందు గుప్పెడు చేతిలోకి తీసుకుని చూడండి. కందిపప్పు బద్ద గుండ్రంగా ఉంటుంది. ఒక పక్క కోసినట్టు ఏటవాలుగా, పలకలుగా ఉన్న బద్దలు కనిపిస్తే అందులో కేసరిపప్పు కలిసి ఉండొచ్చు. అది ఎక్కువకాలం తింటే కాళ్లు పడిపోయే జబ్బు వస్తుంది. పది రూపాయల తేడా కోసం ఆ సరుకు ఇంటికి తేవద్దు.

రోజూ కందిపప్పే వండాలని కూడా లేదు. సగం కంది, సగం పెసర కలిపి వండితే పిల్లలు తేడా కనిపెట్టలేరు. పెసరపప్పు నానబెట్టకపోయినా త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ కలిసొస్తుంది. పాలకూర పప్పు, టమాటా పప్పులోకి ఎర్రపప్పు బాగుంటుంది, కంది కంటే తరచు చవకగానే దొరుకుతుంది. కందిపప్పును మాత్రం అరగంట ముందు నానేయండి. చింతపండు పులుసు పప్పు మెత్తగా ఉడికాకే పోయండి. పులుపు ముందే తగిలితే పప్పు బిరుసుగా ఉండిపోయి కుక్కర్ విజిళ్లు పెరుగుతాయి.

ఇక బియ్యం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇచ్చే పథకం మొదలైంది. కార్డున్న వాళ్లు ఆ బియ్యం తినడం చిన్నతనంగా అనుకోకండి. అక్కడ మిగిలే డబ్బు పప్పుకీ కూరగాయలకీ వెళ్తుంది. బయట కొనేవాళ్లు బస్తా మీద తూకం చూడండి. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక, 26 కిలోల బస్తాలు కొట్లలో కనిపించడం మొదలైంది. ధర అడిగేటప్పుడు బస్తా ఎంత అని కాకుండా కిలో ఎంత పడుతుందో లెక్కేసుకోండి. ఇడ్లీ, దోసెల పిండికి ఖరీదైన సన్నబియ్యం దండగ, లావు బియ్యమే బాగుంటాయి. మినప్పప్పు కూడా గుండ్ల బదులు పొట్టుపప్పు తెచ్చుకుంటే చాలా కొట్లలో తక్కువకే వస్తుంది. నానాక పొట్టు కడుక్కోవడం ఓ పని, అంతే.

చింతపండు, ఎండుమిర్చి ఏడాదికోసారి కొనదగ్గ సరుకులు. రెండూ వేసవి ముంగిట్లోనే వస్తాయి. గుంటూరు మిర్చి యార్డు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎర్రగా నిండిపోయి ఉంటుంది. మిర్చిని తొడిమతోనే నిల్వ పెట్టి, కావలసినంత తొడిమలు తీసి మర ఆడించుకుంటే రంగూ ఘాటూ నిలుస్తాయి. చింతపండుకు హిందూపురం మార్కెట్ పెట్టింది పేరు, మన్యం వైపైతే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతుంది. గింజతో ఉన్నది చవక అనిపిస్తుంది కానీ గింజ తూకం పోను ఎంత పడుతుందో చూసుకోవాలి. ఇంటికొచ్చాక గింజలు, ఈనెలు, పెంకులు ఏరి, ఎండబెట్టి, జాడీలో ఒక వరస చింతపండు, పైన కాస్త కల్లుప్పు, మళ్లీ చింతపండు, ఇలా అదిమి పెట్టండి. తడి చెయ్యి మాత్రం తగలకూడదు. నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది, అది పాడైనట్టు కాదు. చారుకి పాత చింతపండే కావాలనే వాళ్లూ ఉన్నారు.

అన్నిటినీ ఇలా నింపకూడదు. వేరుశనగ గుళ్లు, నువ్వులు, రవ్వ, గోధుమపిండి నెలకు మించి వద్దు. వానాకాలంలో గుళ్లు చేదెక్కుతాయి, రవ్వ పురుగు పడుతుంది. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి పెట్టుకోండి. జీలకర్ర, ధనియాలు గింజగా ఉంచి, పొడి మాత్రం కొంచెం కొంచెంగా కొట్టుకోండి. నూనె ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల తూకం తప్పకుండా చదవండి. చూడ్డానికి లీటరులా ఉండి, లోపల తక్కువ ఉండే ప్యాకెట్లు పెరిగాయి.

కూరగాయల ధర మండిపోయే వారాల్లో ఆదుకునేది కందిపొడి. గ్లాసు కందిపప్పు, అరగ్లాసు చొప్పున శనగపప్పు, పెసరపప్పు విడివిడిగా సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఎండుమిర్చి, చెంచా జీలకర్ర వేయించి, చల్లారాక ఉప్పు కలిపి బరకగా పొడి కొట్టుకోవాలి. వేడన్నంలో ఇంత పొడి, చెంచా నెయ్యో నూనో వేసి కలిపితే పిల్లాడి కడుపులోకి మూడు పప్పులు వెళ్తాయి. కూర లేని పూట అని మీరు నొచ్చుకోనక్కర్లేదు.

పెద్ద మొత్తంలో కొనడానికి ఒక్కసారి అంత డబ్బు ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. నిజమే, రోజు కూలీ మీద బతికే ఇంటికి ఏడాది సరుకు మాట చెప్పడం తేలిక, చేయడం కష్టం. అలాంటప్పుడు పక్కింటివాళ్లతోనో చెల్లెలితోనో కలవండి. నలుగురు కలిసి హోల్‌సేల్ కొట్లో పాతిక కిలోల కందిపప్పు సంచీ తీసుకుని పంచుకుంటే, విడిగా కిలో కొన్న ధర కంటే తగ్గుతుంది. పంచుకునే రోజు తక్కెడ ముందు నలుగురూ ఉండండి, లెక్క ఆ పూటే తేల్చుకోండి. ఈ ఫిబ్రవరికి సంచీ పప్పుతో మొదలుపెట్టండి. చింతపండు, మిర్చి వచ్చే ఏడాదికి చూసుకోవచ్చు.

నమస్కారం.