గేరాయిల్ ఏది పోయాలి? శనివారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారమండీ. డాలస్ నుంచి మన శనివారం ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఈ వారం స్పోర్ట్స్ కార్ల గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్, అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని వెనక రెండు చక్రాలకీ పంచే పెట్టె. ఆయిల్ ఏది, ఎంత, ఎలా. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, ఇక్కడ చాలా ఏళ్లు గ్యారేజీ నడిపిన మాస్టారు మనతో ఉన్నారు. లైన్లన్నీ నిండిపోయాయి మాస్టారూ, మొదలుపెడదామా?

మాస్టారు: ఒక్క మాట చెప్పి మొదలుపెడదాం. ఎవరు ఏ కారు గురించి అడిగినా ముందు ఇది వినాలి. గేర్‌బాక్స్‌కైనా డిఫరెన్షియల్‌కైనా రెండు ప్లగ్గులుంటాయి. పైది పోసేది, కిందది దించేది. ముందు పైది విప్పండి. అది చేతికొచ్చాకే కిందదాని మీద పానా పెట్టండి.

వ్యాఖ్యాత: బాగుంది. మొదటి కాలర్ ఫ్రిస్కో నుంచి. చెప్పండి.

ఫ్రిస్కో కాలర్: నమస్తే సార్, నమస్తే అండీ. నాది 1999 మియాటా సార్. మాజ్దా మియాటా. ఐదు గేర్ల మాన్యువల్. మా ఆఫీసులో ఒకాయన కాలిఫోర్నియా వెళ్లిపోతూ ఇచ్చేశాడు, చవగ్గానే ఇచ్చాడు. ఆయన చాలా బాగా చూసుకునేవాడు, ప్రతి ఆదివారం కడిగేవాడు. మా ఆవిడ మాత్రం ఇద్దరే పట్టే కారెందుకు అని...

మాస్టారు: బాధేంటి బాబూ?

ఫ్రిస్కో కాలర్: అదే సార్, వస్తున్నా. పొద్దున్నే చలిలో తీస్తే రెండో గేరు పడదు సార్. కర్రుమంటుంది. ఓ పది నిమిషాలు తిరిగాక మామూలైపోతుంది. ఆయన అమ్మేముందు ఒక షాపులో గేర్‌బాక్స్, వెనక డిఫరెన్షియల్ రెండిట్లోనూ ఆయిల్ మార్పించాడట. బిల్లు ఉంది. రెండిట్లోనూ 75డబ్ల్యూ-90 జీఎల్-5 అని రాశారు. ఇప్పుడు మళ్లీ మారుద్దామని. ఒకటే రకం సీసా కొంటే రెండిటికీ సరిపోతుంది కదా సార్?

మాస్టారు: సరిపోదు. 75డబ్ల్యూ-90 అన్నది చిక్కదనం మాత్రమే. జీఎల్ పక్కనున్న అంకె ఆయిల్లో కలిపిన మందు సంగతి చెబుతుంది. అందరూ పెద్దక్షరాల్లో ఉన్న 90 చూసి కొనేస్తారు, చిన్నక్షరాల్లో ఉన్న జీఎల్ చదవరు.

ఫ్రిస్కో కాలర్: 90 అంటే బాగా చిక్కన కదా సార్? ఇంజిన్లో 30 పోస్తున్నాం. చలిలో గేరు పడకపోవడం అందుకేనేమో అని...

మాస్టారు: అవి రెండూ వేరు వేరు కొలతలు. ఒంటికి జ్వరం ఫారెన్‌హీట్‌లో 100, సెంటీగ్రేడ్‌లో 38. జ్వరం మాత్రం ఒకటే. గేరాయిల్ 90 వేడెక్కాక ఇంజిన్ ఆయిల్ 40, 50ల దగ్గరే ఉంటుంది. ఇక జీఎల్ సంగతి వినండి. వెనక డిఫరెన్షియల్లో క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్ ఉంటుంది. పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్యకి ఎదురుగా ఉండదు, కాస్త కిందికి జరిపి పెడతారు. దీన్నే హైపాయిడ్ అంటారు. ప్యాకర్డ్ కంపెనీ 1926లో కార్లలోకి తెచ్చింది. షాఫ్టు కిందికి దిగితే కారూ నేలకి దగ్గరవుతుంది. అంతా బాగానే ఉంది కానీ పళ్లు దొర్లడంతోపాటు ఒకదానిమీద ఒకటి గీరుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం మందులు కలుపుతారు. ఉక్కు మీద అవి పూతలా కట్టుకుని, పళ్ల బదులు అవే అరుగుతాయి. జీఎల్-5లో ఆ మందు జీఎల్-4కి దాదాపు రెట్టింపు. ఆ కంపు కూడా దానిదే.

ఫ్రిస్కో కాలర్: అంటే జీఎల్-5 ఇంకా మంచిదే కదా సార్?

మాస్టారు: డిఫరెన్షియల్‌కి మంచిది. గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులుంటాయి, ఇత్తడివి. మీరు గేరు వేసే క్షణంలో ఆ రింగు వెళ్లి గేరు పక్కనుండే కోన్‌ని పట్టుకుని రెండిటి వేగమూ కలపాలి. దాని పనే పట్టుకోవడం. మరీ జారుడు ఆయిల్ పోస్తే పట్టు ఎక్కడినుంచి వస్తుంది? పట్టు దొరక్క, వేగం కలవక, గేరు కర్రుమంటుంది. పైగా పాత రకం జీఎల్-5లో గంధకం ఇత్తడిని తినేసేది. ఇప్పుడొచ్చేవాటిలో చాలావరకు ఆ బాధ తగ్గింది, జారుడు బాధ మాత్రం తగ్గలేదు.

ఫ్రిస్కో కాలర్: కానీ సార్, నా దగ్గర కారు పుస్తకం ఉంది. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 లేదా జీఎల్-5 అని రెండూ రాశాడు.

మాస్టారు: రాశాడు, నేనూ చూశాను. పుస్తకం తప్పని అనను. జీఎల్-5 పోస్తే గేర్‌బాక్స్ పాడైపోదని దానర్థం. మీ గోల రెండో గేరు. దానికి జీఎల్-4 పోసి చూడండి. మియాటా వాళ్లలో చాలామంది చివరికి వచ్చేది అక్కడికే. డిఫరెన్షియల్‌కి మాత్రం పుస్తకంలో జీఎల్-5 ఒక్కటే ఉంటుంది, గమనించారా?

ఫ్రిస్కో కాలర్: అవును సార్, ఒక్కటే ఉంది. మరి ఎన్ని సీసాలు?

మాస్టారు: గేర్‌బాక్స్‌కి 2 లీటర్లు, డిఫరెన్షియల్‌కి 1 లీటరు. ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఇక్కడి క్వార్ట్ సీసాలో ఉండేది 946 మిల్లీలీటర్లే. రెండు సీసాలు పోస్తే గేర్‌బాక్స్‌లో వంద మిల్లీలీటర్లకు పైగా తక్కువ. కాబట్టి జీఎల్-4 మూడు, జీఎల్-5 రెండు కొనండి. కారు నాలుగు వైపులా సమానంగా లేచి ఉండాలి. పై రంధ్రం అంచు దాకా వచ్చి కారడం మొదలైతే నిండినట్టు.

ఫ్రిస్కో కాలర్: మూడో సీసా అంతా మిగిలిపోతుంది కదా సార్?

మాస్టారు: దానికీ పని ఉంది. మీ కారులో గేర్ రాడ్ కింద చిన్న గిన్నెలాంటిది విడిగా ఉంటుంది. టరెట్ అంటారు. దాని ఆయిల్ గేర్‌బాక్స్ ఆయిల్‌తో కలవదు. పట్టేది 80 మిల్లీలీటర్లకు అటూఇటూ. కింద ఆయిల్ మార్చే షాపులవాళ్లు దీన్ని అసలు ముట్టుకోరు. కారు లోపల నుంచి కన్సోల్ తీసి, రాడ్ ఊడదీసి, పాతది సిరంజితో లాగేసి కొత్తది పోయాలి. రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. మీ గేరు బిగుతులో సగం అక్కడే ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఫ్రిస్కో కాలర్: అబ్బో, ఇది నాకు తెలీదు సార్. ఇంకోటి సార్. డిఫరెన్షియల్లో ఎల్ఎస్‌డీ, అదే ఒక చక్రం ఒక్కటే ఊరికే తిరిగిపోకుండా ఆపేది, ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మాస్టారు: న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకి చెక్కలు అడ్డంపెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద ఆనించండి. ఒకదాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురుగా తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అటే తిరిగితే ఎల్ఎస్‌డీ. మీ ఏడాది దాంట్లో ఉంటే గేర్లతో పనిచేసే టోర్సెన్ ఉంటుంది, అదనంగా ఏ మందూ కలపక్కర్లేదు.

ఫ్రిస్కో కాలర్: అయితే సార్, ఫైనల్‌గా... ఒకటే సీసా రెండిటికీ వద్దంటారు?

మాస్టారు: ఇప్పటిదాకా ఏం చెప్పాను నాయనా!

వ్యాఖ్యాత: థ్యాంక్స్ అండీ. తర్వాతి కాలర్, షార్లెట్ నుంచి.

షార్లెట్ కాలర్: సార్, నేను గ్యారేజీలోంచే మాట్లాడుతున్నా. కారు స్టాండ్ల మీదుంది. డిఫరెన్షియల్ ఆయిల్ దించేశాను. ఇప్పుడు పై ప్లగ్ రావట్లేదు సార్. తలకాయ గుండ్రంగా అయిపోతోంది.

మాస్టారు: విన్నారా? పాతది దించేశాక పైది రాకపోతే కొత్తది పోసే దారుండదు. ఇందుకే మొత్తుకునేది. సరే, కంగారుపడకండి. కారు మాత్రం అంగుళం కదపొద్దు. పన్నెండు మూలల సాకెట్ పక్కన పడేసి ఆరు మూలలది తెచ్చుకోండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గంట వదిలేయండి. తర్వాత ముందు కొంచెం బిగించండి, అప్పుడు విప్పండి. బిగించినప్పుడే తుప్పు పట్టు విడుతుంది. పొడవాటి హ్యాండిల్ వాడండి.

షార్లెట్ కాలర్: మంట పెట్టొచ్చా సార్?

మాస్టారు: వద్దొద్దు. ఇప్పుడే స్ప్రే కొట్టమన్నాను కదా, అది అంటుకుంటుంది.

వ్యాఖ్యాత: ఆల్ ది బెస్ట్ అండీ. న్యూజెర్సీ నుంచి, చెప్పండి మేడమ్.

న్యూజెర్సీ కాలర్: నమస్కారమండీ. నాది సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, మాన్యువల్. ఇప్పుడు మీరు చెప్పినట్టే జీఎల్-5 గేర్‌బాక్స్‌కి మంచిది కాదని ఎక్కడో చదివి, పోయిన నెల పట్టుబట్టి షాపులో జీఎల్-4 పోయించాను. కరెక్టే చేశాను కదండీ?

మాస్టారు: అయ్యో, లేదమ్మా. మీది వేరు. మీ కారులో గేర్‌బాక్స్, ముందు డిఫరెన్షియల్ ఒకే పెట్టెలో ఉంటాయి, ఒకే ఆయిల్లో మునుగుతాయి. అక్కడ హైపాయిడ్ ఉంది. అందుకే సుబారు పుస్తకంలో దానికి జీఎల్-5 అని రాస్తాడు. ఆ ఆయిల్‌ని లెక్కలో పెట్టుకునే సింక్రోలు తయారుచేసుకున్నాడు. మీరు సింక్రోలను కాపాడబోయి క్రౌన్‌కి అన్యాయం చేశారు.

న్యూజెర్సీ కాలర్: అయ్యో! పాడైపోయి ఉంటుందా?

మాస్టారు: నెల రోజులు మెల్లగా తిప్పి ఉంటే ఏమీ అయి ఉండకపోవచ్చు. వచ్చే వారం దాకా ఆగకుండా దించేసి జీఎల్-5 పోయించండి. దించినప్పుడు ప్లగ్‌కి ఉన్న అయస్కాంతం చూడమనండి. బూడిద రంగు గుజ్జు మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలుంటే ఆలోచించాలి. వెనక డిఫరెన్షియల్ విడిగా ఉంటుంది, దానికీ జీఎల్-5. ఎక్కడో చదివినదానికంటే కారుతో వచ్చిన పుస్తకం చదవండమ్మా. నేను చెప్పినా సరే, పుస్తకంతో సరిచూసుకోండి.

వ్యాఖ్యాత: తర్వాత ఒక పెద్దాయన. తెనాలి నుంచి వచ్చారట, ఆస్టిన్‌లో వాళ్లబ్బాయి దగ్గరున్నారు.

ఆస్టిన్ పెద్దాయన: ఆ, నమస్కారం. ఇందాకణ్ణుంచి వింటన్నాను. మాకు ఊళ్లో ట్రాక్టర్ ఉంది. గేర్‌బాక్స్, హౌసింగ్, హైడ్రాలిక్, ఆఖరికి బ్రేకులు కూడా ఒకటే ఆయిల్. వెనకాల ఇరవై కింటాళ్లు లాగుద్ది. మావాడి బొమ్మకారుకి ఇన్ని రకాలేంటయ్యా?

మాస్టారు: [నవ్వుతూ] బాగా అడిగారు బాబాయిగారూ. మీ ట్రాక్టర్ బరువు లాగుద్ది గానీ వేగం లేదు. ఆ ఆయిల్ కూడా మామూలుది కాదు, బ్రేకు ప్లేట్లు అందులోనే మునిగి ఉంటాయి కాబట్టి వాటికోసం విడిగా మందు కలిపి చేసింది. అందులో మామూలు 90 నంబర్ ఆయిల్ పోసి చూశారా ఎప్పుడైనా?

ఆస్టిన్ పెద్దాయన: ఓసారి మా పాలేరు పోశాడు. బ్రేకు తొక్కితే గుర్రుమని ఒకటే మోత.

మాస్టారు: అదీ! కొన్ని స్పోర్ట్స్ కార్ల డిఫరెన్షియల్లోనూ అలాంటి ప్లేట్లే ఉంటాయి. సరైన మందు లేకపోతే పార్కింగ్‌లో మలుపు తిప్పినప్పుడు అచ్చం మీ ట్రాక్టర్‌లాగే గుర్రుమంటాయి. ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే చిన్న సీసా అమ్మేది అందుకే.

ఆస్టిన్ పెద్దాయన: అట్టా చెప్పు మరి. ఇంతకీ మావాడు దించిన ఆయిల్ బకెట్లో పెట్టి గ్యారేజీలో వదిలేశాడు. ఇల్లంతా కంపు. చెట్టు మొదట్లో పోసేదా?

మాస్టారు: పొరపాటున కూడా పోయొద్దు. మూతున్న డబ్బాలో పోసి ఆటో పార్ట్స్ షాపుకి తీసుకెళ్లమనండి. చాలా షాపులు ఊరికే తీసుకుంటాయి.

వ్యాఖ్యాత: టైమ్ తక్కువుంది. హ్యూస్టన్, త్వరగా చెప్పండి.

హ్యూస్టన్ కాలర్: 2003 మస్టాంగ్ జీటీ, మాన్యువల్. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 ఏ కంపెనీది మంచిది?

మాస్టారు: ఏ కంపెనీదీ వద్దు. దానికి గేరాయిలే కాదు, ఏటీఎఫ్. ఎర్రగా ఉండే ఆటోమేటిక్ ఆయిల్, మెర్కాన్.

హ్యూస్టన్ కాలర్: మాన్యువల్ సార్ నాది.

మాస్టారు: మాన్యువలేనయ్యా, అర్థమైంది. ఫోర్డ్ వాడు అదే పోశాడు. వెనక మాత్రం ట్రాక్షన్-లాక్ అనే ఎల్ఎస్‌డీ, ప్లేట్లది. జీఎల్-5తో పాటు ఫ్రిక్షన్ మాడిఫయర్ 4 ఔన్సులు. ఇప్పుడు పెద్దాయనకి చెప్పిందే.

హ్యూస్టన్ కాలర్: సీసా మీద ఎల్ఎస్‌డీకి పనికొస్తుందని రాసి ఉంటే మళ్లీ...

వ్యాఖ్యాత: సారీ అండీ, ఆపాల్సి వస్తోంది. మాస్టారూ, ఇందాకటి ఫ్రిస్కో ఆయన మళ్లీ లైన్లో ఉన్నారు. అర నిమిషం.

ఫ్రిస్కో కాలర్: సార్, షాపులో ఉన్నాను. అన్నీ జీఎల్-5లే ఉన్నాయి సార్. ఒకదానిమీద మాత్రం జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసి ఉంది. ఇది రెండిటికీ...

మాస్టారు: చాలావరకు అది జీఎల్-5 ఆయిలే బాబూ, పక్కన 4 కూడా అచ్చేస్తారు. అవి రెండు సీసాలు డిఫరెన్షియల్‌కి కొనుక్కోండి. జీఎల్-4 ఒక్కటే రాసింది ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. అది వచ్చేదాకా గేర్‌బాక్స్ జోలికి పోవద్దు.

ఫ్రిస్కో కాలర్: సరే సార్. ముందు పై ప్లగ్గే కదా సార్?

మాస్టారు: పైదే.

వ్యాఖ్యాత: థ్యాంక్స్ మాస్టారూ, థ్యాంక్స్ అండీ అందరికీ. వచ్చే శనివారం బ్రేకులు. షార్లెట్ నుంచి మెసేజ్ వచ్చింది, ప్లగ్ ఇంకా రాలేదట.