హాచీ మూడు కాళ్లు

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం అక్క ఒక కుక్క గురించి చెప్తానంది. ఇప్పుడే ఫొటో చూశాను. అమ్మో, దూడంత ఉంది!

అక్క: అనటోలియన్ షెపర్డ్ రా. టర్కీలో గొర్రెల మందలకు కాపలా కాసే జాతి. వీడి పేరు హాచీ. 2012 జనవరిలో లండన్‌లో, పట్టాల మీద ఉన్నప్పుడు రైలు గుద్దేసింది. అప్పటికి ఇంకా పిల్లే. తోక, వెనక కాలు ఒకటి నుజ్జయిపోతే డాక్టర్లు రెండూ తీసేశారు.

తమ్ముడు: అలాంటి కుక్కను ఎవరు తీసుకెళ్తారక్కా?

అక్క: తీసుకెళ్లారు. బేసింగ్‌స్టోక్ అనే ఊళ్లో ఒక కుటుంబం. వాళ్ల బాబుకి ష్వార్ట్జ్-జాంపెల్ సిండ్రోమ్. చాలా అరుదుగా వచ్చే జబ్బు. మామూలుగా మన కండరం పని అవగానే వదులవుతుంది కదా, ఈ జబ్బులో అలా వదలదు, బిగుసుకునే ఉంటుంది. కీళ్లు, ఎముకలు కూడా దెబ్బతింటాయి. నేను పిల్లలకు ఫిజియోథెరపీ చేస్తాను కదా, ఆ బిగువు ఎంత నొప్పో పిల్లల ముఖాల్లో చూస్తుంటాను.

తమ్ముడు: మరి హాచీ వచ్చాక?

అక్క: అంతకుముందు ఆ బాబుకి బయటికి వెళ్లాలంటేనే భయం. కొత్తవాళ్లంతా తననే చూస్తారని. హాచీ పక్కన ఉంటే చూపులన్నీ ముందు వీడి మీదికే పోయేవి. కుక్క గురించి అడిగితే జవాబు ఎవరు చెప్పాలి? బాబే. అలా మాటలు వచ్చాయి, ధైర్యం వచ్చింది. ఇంకోటి చెప్తా, నాకు చాలా ఇష్టమైంది. హాచీ మందులు వేసుకోవడం చూశాక, తన మందులు వేసుకోవడం ఆ బాబుకి తేలికైంది.

తమ్ముడు: మనం ఎంత బతిమాలినా మింగరు గదా పిల్లలు!

అక్క: అదే మరి. పెద్దవాళ్లు "ఏం కాదు నాన్నా" అంటే పిల్లలు నమ్మరు. ఆ పెద్దవాళ్లకు ఏ నొప్పీ లేదని వాళ్లకు తెలుసు. తర్వాత హాచీ థెరపీ డాగ్ కూడా అయ్యాడు, అంటే రోగుల దగ్గరికి వెళ్లి వాళ్లకు ఊరటనిచ్చే కుక్క. పెట్స్ యాజ్ థెరపీ అనే సంస్థ తరఫున. 1983 నుంచి ఉన్న సంస్థ అది.

తమ్ముడు: మూడు కాళ్లతో ఎలా ఒప్పుకున్నారు?

అక్క: వాళ్లు ముఖ్యంగా చూసేది స్వభావం. పెద్ద చప్పుడైతే బెదురుతుందా, చెవి లాగితే ఓర్చుకుంటుందా, చేతిలో బిస్కెట్ ఉంటే ఎగబడుతుందా అని. కాళ్లన్నీ సరిగ్గా ఉన్న కుక్కలు కూడా ఇందులో తప్పుతాయి. 2013లో క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షోలో, ఆ బాబుతో ఉన్న స్నేహానికే హాచీకి అవార్డు వచ్చింది.

తమ్ముడు: ఇప్పుడు ఎలా ఉన్నాడు?

అక్క: 2016లో పోయాడు రా. నువ్వు చూసిన ఫొటోనే మా క్లినిక్‌లో గోడకు పెట్టాను. కొత్తగా వచ్చిన పిల్లలు ఏడుపు ఆపి దాని దగ్గరికి వెళ్తారు. వేలు పెట్టి కాళ్లు లెక్కపెడతారు. మూడు దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు.