నడుం పీకుతోందంటే నమ్మండి

శ్రోతలకు నమస్కారం. నేను చాలా ఏళ్లు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేశాను. సెలైన్, రక్తం, ఇంజెక్షన్ ఒంట్లోకి వెళ్లాక ఒక్కోసారి వచ్చే ఇబ్బందుల గురించి ఈరోజు మాట్లాడతాను.

ఒక రాత్రి ఓ పెద్దాయనకు రక్తం పెట్టి పది నిమిషాలు అయ్యుంటుంది. "సిస్టర్, నడుం పీకేస్తోంది. ఎందుకో భయంగా ఉంది" అన్నారు. "పొద్దుట్నుంచీ పడుకునే ఉన్నావు కదా నాన్నా, కాస్త ఓర్చుకో" అన్నాడు పక్కనున్న కొడుకు. ప్రేమతోనే అన్నాడు. నేను ముందు ట్యూబు మీది చక్రం తిప్పి రక్తం ఆపేశాను. తర్వాత బ్యాగు మీది చీటీని, ఆయన మణికట్టు పట్టీని పక్కపక్కన పెట్టి చూశాను. పేరు ఒకటే, నంబరు వేరు. అదే పేరున్న మనిషి పక్క వార్డులో ఉన్నాడు. పెట్టేముందు నేనూ, ఇంకో సిస్టరూ ఇద్దరం చూశాం. ఇద్దరం పేరే చూశాం. లోపలికి వెళ్లింది కొంచెమే కాబట్టి ఆయన కోలుకున్నారు. ఆ చీటీ మాత్రం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

రక్తంలో గ్రూపులున్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త 1901లోనే చెప్పాడు. గ్రూపు కలవని రక్తం వెళితే పరాయివాటి మీద దాడి చేసే మన ఒంట్లోని యాంటీబాడీలు ఆ ఎర్రకణాలను పగలగొడతాయి. నడుం నొప్పి, చలి, వణుకు, జ్వరం వస్తాయి. మూత్రం నల్లటి టీ డికాక్షన్‌లా మారుతుంది. బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. మొదటి 15 నిమిషాలు రక్తాన్ని నెమ్మదిగా వదిలి, మనిషిని కనిపెట్టుకుని ఉండేది ఇందుకే. ఇలాంటి పొరపాట్లు ఎక్కువగా ల్యాబ్ పరీక్షలో జరగవు. శాంపిల్ సీసా మీద పేరు రాసేటప్పుడో, మంచం దగ్గర బ్యాగు తగిలించేటప్పుడో జరుగుతాయి. "మీరు ఫలానానా?" అని అడిగితే మగతలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటాడు. "మీ పేరు చెప్పండి" అని అడగాలి. సిస్టర్ అలా అడిగితే విసుక్కోకండి. అడగకపోతే మీరే చెప్పండి.

రక్తం ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే అది వేరే సంగతి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూ ఉండొచ్చు. ముఖ్యంగా గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. సెలైన్‌తోనూ ఇంతే. త్వరగా అయిపోతే ఇంటికి వెళ్లొచ్చని ఆ చక్రాన్ని తామే తిప్పి స్పీడు పెంచేవాళ్లను చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి. అసలు సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందనుకోవడమే పొరపాటు. అర లీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంతే. నోటితో తాగగలిగే మనిషికి చాలాసార్లు సూది అవసరమే ఉండదు.

క్యాన్యులా, అంటే సెలైన్ కోసం నరంలో ఉంచే సన్నని గొట్టం, పెట్టిన చోట చెయ్యి ఉబ్బి, చల్లగా తగిలితే మందు నరంలోకి కాకుండా చర్మం కిందికి పోతోందన్నమాట. ఎర్రబడి, వేడిగా ఉండి, నరం తాడులా గట్టిగా తగిలితే ఆ నరం వాచింది. ఉత్త సెలైన్ అయితే వాపు దానంతటదే తగ్గుతుంది. కానీ కొన్ని క్యాన్సర్ మందులు, కాల్షియం, బీపీ పెంచే కొన్ని మందులు అలా బయటికి వస్తే అక్కడి కండ కుళ్లిపోతుంది. అందుకే మంట అనగానే పిలవండి. ట్యూబులో చిన్న చిన్న గాలి బుడగలు చూసి హడలిపోయేవాళ్లున్నారు. చేతికి పెట్టిన సెలైన్‌లో వాటితో సాధారణంగా ఏమీ కాదు.

ఇంజెక్షన్ చేయించుకున్నాక కాసేపు అక్కడే కూర్చోమంటారు. కూర్చోండి. దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం, కళ్లు తిరగడం లాంటి తీవ్రమైన అలర్జీ చాలావరకు మొదటి అరగంటలోనే బయటపడుతుంది. అప్పుడు తొడ కండలో వెంటనే చేసే అడ్రినలిన్ ప్రాణం నిలబెడుతుంది. ఇంటిదారి పట్టిన మనిషికి అది దొరకదు. పిరుదుకు సూది వేస్తుండగా కరెంటు కొట్టినట్టు నొప్పి పాదం దాకా పాకితే మొహమాటపడకుండా "ఆపండి" అని గట్టిగా చెప్పండి. అక్కడ పెద్ద నరం ఉంది. సెలైన్ పెట్టే రక్తనాళం కాదు, కాలిని కదిలించే నాడి. అది దెబ్బతింటే పాదం పైకి లేవదు. సూది పడ్డచోట ఒకటి రెండు రోజులు నొప్పి మామూలే. రోజురోజుకూ ఎర్రబడుతూ, జ్వరం కూడా వస్తే చీము పడుతున్నట్టే. కాపడాలు పెట్టుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కు చూపించండి.

రక్తం ఎక్కించుకుని ఇంటికి వెళ్లినవాళ్లకు ఇంకో మాట. రెండు వారాల లోపు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, మూత్రం రంగు మారినా అది ఆ రక్తం వల్లే కావచ్చు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, అడగకముందే ఫలానా తేదీన రక్తం ఎక్కించారని చెప్పండి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాసి ఉందో లేదో ఆసుపత్రి గడప దాటకముందే చూసుకోండి.

నమస్కారం.