దిగకుండానే కడలి అడుగుకి

శ్రోతలకు నమస్కారం.

ఒక చిన్న గదిలోకి వెళ్లారనుకోండి. వెనక తలుపు మూసుకుంది. కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. కిటికీలోంచి చూస్తే బుడగలు, వాటి వెనక రాతిగోడ పైపైకి జరిగిపోతోంది. కాసేపటికి ఎదురుగా ఉన్న తలుపు తెరుచుకుంది. సముద్రం అడుగున ఉన్న స్థావరానికి వచ్చేశారన్నారు.

నిజానికి ఆ గది దిగిందంటూ పెద్దగా ఏమీ లేదు. జరిగింది గోడ. పక్క పట్టాల మీది రైలు కదిలితే మన రైలే కదిలిందనుకుని ఉలిక్కిపడతామే, అదే కిటుకు. అమెరికాలోని ఫ్లోరిడాలో, వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి చెందిన ఎప్‌కాట్ అనే పార్కులో ఈ గదులు ఉండేవి. హైడ్రోలేటర్లు అని పేరు. ఇప్పుడవి లేవు.

ఎప్‌కాట్ 1982 అక్టోబరు 1న తెరుచుకుంది. అందులో సముద్రానికి ఒక మందిరం ఉండాలని మొదటినుంచీ అనుకున్నారు. గ్రీకుల సముద్రదేవుడు పొసైడన్ ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్లే కథ కూడా తొలి ఊహల్లో ఉంది. దేవుడు దొరికాడు గానీ ఖర్చు భరించే కంపెనీ దొరకలేదు. చివరికి యునైటెడ్ టెక్నాలజీస్ ముందుకొచ్చాక పని సాగింది. 1986 జనవరి 15న ‘ది లివింగ్ సీస్’ అనే పేరుతో ఆ మందిరం తెరిచేసరికి పొసైడన్ పక్కకి తప్పుకున్నాడు, ఆయన చోట పరిశోధన స్థావరం వెలిసింది. నాకైతే దేవుడే ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇక అసలు విషయం, నీళ్లు. అక్కడి చేపల ట్యాంకు గుండ్రంగా ఉంటుంది. అడ్డంగా 203 అడుగులు, లోతు 27 అడుగులు. పట్టేది 57 లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 2 కోట్ల 15 లక్షల లీటర్లు. అసలు సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. లెక్కేయండి, ఆ ట్యాంకుకి అంత ఉప్పదనం రావాలంటే 750 టన్నుల పైమాటే. వంటింటి ఉప్పొక్కటే చాలదు కూడా. మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు వగైరా పాళ్లు తప్పితే చేపలు బతకవు.

ఇంత నీరు గోడని ఎంత బలంగా తోస్తుందో అని భయం వేస్తుంది కదా. ఇక్కడొక వింత ఉంది. ఒత్తిడికి నీటి వెడల్పుతో పని లేదు, ఎత్తొక్కటే లెక్క. 27 అడుగుల ఎత్తున్న సన్నటి గొట్టం నింపినా అడుగున అదే ఒత్తిడి, చదరపు మీటరుకి 8 టన్నుల చిల్లర. గోడ గుండ్రంగా ఉంటే ఆ తోపుని పీపాకి బిగించిన ఇనుప పట్టీలాగా చుట్టూతా పంచుకుంటుంది. మరి చూడ్డానికి వచ్చినవాళ్లకి కిటికీలు కావాలి! కిటికీ పెట్టడమంటే ఆ పట్టీని అక్కడక్కడా కోసినట్టే. ‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్నారు పెద్దలు. నీరు పల్లాన్నే కాదు, వెంట్రుకవాసి సందునీ కనిపెడుతుంది. అందుకే కిటికీ చుట్టూ ఉండే అతుకు దగ్గర ఇంజనీర్లకి నిద్ర పట్టదు.

ఆ కిటికీలు గాజువి కావు, అక్రిలిక్ అనే తేటైన ప్లాస్టిక్‌వి. గాజు మందం పెరిగేకొద్దీ ఆకుపచ్చగా కనిపిస్తుంది, పగిలితే ఒక్కసారిగా పగులుతుంది. అక్రిలిక్ అరచేతి వెడల్పున మందం ఉన్నా తేటగానే ఉంటుంది, కొంచెం వంగి భరిస్తుంది. పైగా కాంతిని వంచే గుణంలో అది గాజుకన్నా నీటికి కాస్త దగ్గర. అయినా కంటికి మోసం తప్పదు. చదునైన కిటికీలోంచి చూస్తే నీటిలో ఉన్నది దాని అసలు దూరంలో ముప్పాతిక వంతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. లక్షలు పోసి కట్టిన వెడల్పులో పాతిక వంతు చూపు దగ్గరే కరిగిపోతుందన్నమాట.

కాంక్రీటు సంగతి చెప్పకుండా ఉండలేను. ఉప్పునీరు సూక్ష్మరంధ్రాల్లోంచి లోపలి ఇనుప చువ్వల్ని చేరితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటుని లోపల్నుంచి చీలుస్తుంది. కొత్త కాంక్రీటులోని సున్నం నీటిలోకి దిగి చేపలకి హాని చేస్తుంది కూడా. నీరు నింపిన మర్నాడే చేపల్ని వదలరు. వాటి విసర్జనలో అమోనియా ఉంటుంది. దాన్ని మొదట నైట్రైటుగా, తరవాత నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ప్రారంభోత్సవం తేదీ ఖరారు చేసే పెద్దలు ఈ కంటికి కనపడని కూలీల మాట కూడా వినాలి.

దిగకుండా దించే ఈ విద్య ఎప్‌కాట్‌తో పుట్టింది కాదు. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో 1959లోనే జలాంతర్గాములు నడిపారు. అవి మునగవు. కింద పట్టా ఉంటుంది, కూర్చునేవాళ్ల కిటికీలు నీటిమట్టానికి దిగువన ఉంటాయి. బయట బుడగలు వదలగానే మునిగామనిపిస్తుంది. 1998లో ఆపేసి, 2007లో డీజిలు బదులు కరెంటుతో మళ్లీ తిప్పారు.

2001 సెప్టెంబరు 4న తెరిచిన టోక్యో డిస్నీసీలో ఇంకా గడుసు పని చేశారు. అక్కడి జలాంతర్గామి సవారీ పొడి గదుల్లోనే సాగుతుంది. బండ్లు పైనున్న పట్టాకి వేలాడుతూ పోతుంటాయి. ప్రతి కిటికీకీ రెండు పొరల అద్దం, ఆ రెంటి మధ్య నీళ్లు. సమయం రాగానే అందులో బుడగలు లేస్తాయి. బయట ఎక్కడా చుక్క లేదు. మొదట ఒక చెరువంత నీరు కావలసివచ్చింది, ఇక్కడికొచ్చేసరికి కిటికీలో పట్టేంత చాలింది.

అలాంటి కిటికీ పక్కన కూర్చునే అవకాశం మీకు వస్తే, బుడగలు లేచేటప్పుడు చూపు వాటి మీద పెట్టకండి. అద్దం అంచు చూడండి.

సెలవు. నమస్కారం.