బెటాలియన్‌ను నాలుగు బేస్‌లుగా కట్టండి

మిత్రులారా, నమస్కారం.

టేబుల్ మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధ ఆట కోసం, 1870లో ఫ్రాన్స్‌తో పోరాడిన జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యాన్ని కట్టాలనుకునేవాళ్లలో చాలామంది ముందుగా యూనిఫాంకు నీలం రంగు డబ్బా కొంటారు. నేను మాత్రం ముందు కాగితం, పెన్సిల్ తీసుకోమంటాను. సైన్యంలో పెద్ద విభాగమైన కోర్‌కు రెండు డివిజన్లు, డివిజన్‌కు రెండు బ్రిగేడ్లు, బ్రిగేడ్‌కు రెండు రెజిమెంట్లు, రెజిమెంట్‌కు మూడు బెటాలియన్లు. బెటాలియన్ అంటే నాలుగు కంపెనీలు, సుమారు 1000 మంది. 50 మందికి ఒక బొమ్మ చొప్పున 20 బొమ్మలు. డివిజన్ కాలిబలానికే 240 బొమ్మలు కావాలి! అందుకే ఒక్క బ్రిగేడ్‌తో, 120 బొమ్మలతో మొదలుపెట్టండి.

ఆ 20 బొమ్మల్ని మాత్రం దయచేసి ఒకే బేస్ (బొమ్మల కింది పలక) మీద అతికించకండి. కంపెనీకి ఐదు చొప్పున నాలుగు బేస్‌లు చేయండి. ప్రష్యా సైన్యం ప్రాణం కంపెనీలోనే ఉంది. 250 మందిని వెంటబెట్టుకుని ఒక కెప్టెన్ పొదలు, గోడల చాటున ముందుకు సాగడమే వాళ్ల పోరాట పద్ధతి. ఒకే బేస్ మీద బిగిస్తే ఆ కదలిక పోతుంది, ఎవరి సైన్యమైనా ఒకేలా ఆడుతుంది.

కదలిక ఎందుకంత ముఖ్యమో 1870 ఆగస్టు 18న ఫ్రాన్స్‌లోని సెయింట్ ప్రీవా అనే ఊరి దగ్గర తేలింది. ఫ్రెంచివాళ్ల షాస్‌పో తుపాకీ 1200 మీటర్ల దాకా కొడుతుంది, ప్రష్యన్ల డ్రైజే అందులో సగం దూరమే. ప్రష్యా రాజు గార్డ్ కోర్ చాటులేని వాలు మీద గుంపులుగా ఎక్కి, సుమారు 8000 మందిని పోగొట్టుకుంది. సాయంత్రం ఫిరంగులు ఊరిని చితక్కొట్టాక, పక్క నుంచి ప్రష్యా మిత్రులైన సాక్సన్లు వచ్చాకే ఆ ఊరు దక్కింది. మన టేబుల్ మీదా అంతే. తుపాకులతో పోటీ పడితే ఓడిపోతాం. ప్రష్యన్ల క్రుప్ కంపెనీ ఉక్కు ఫిరంగులు ముందుకు వెళ్లాలి, కంపెనీలు వాటి వెనక విడివిడిగా కదలాలి.

డివిజన్‌కు నాలుగు బ్యాటరీలు, అంటే ఫిరంగి దళాలు, ఒక్కోదానికి ఆరు ఫిరంగులు. బ్యాటరీకి ఒక మోడల్ పెట్టుకున్నా సరిపోతుంది. రెండో బ్రిగేడ్ కొనేలోపే ఆ నాలుగూ సిద్ధం చేసుకోండి.

ఇక రంగుల సంగతి. లైన్ (మామూలు కాలిబలం) రెజిమెంట్‌లో మొదటి రెండు బెటాలియన్లకు తెల్ల బెల్టులు, మూడోదైన ఫ్యూసిలియర్ బెటాలియన్‌కు నల్లవి. ప్రష్యా పక్షాన పోరాడిన బవేరియన్లను చేర్చాలంటే యూనిఫాం లేత నీలం వేయాలి, హెల్మెట్ మీద ముందు నుంచి వెనక్కి సాగే నల్ల కుచ్చు ఉండాలి. ఫిరంగి దళం బొమ్మలు కొనేటప్పుడు ప్యాకెట్ తెరిచి చూడండి. ప్రష్యా ఫిరంగివాళ్ల హెల్మెట్ మీద మొన ఉండదు, చిన్న గుండు ఉంటుంది.