తిరుపతి హోటల్లో హీట్ పంప్: కార్బన్ నిజంగా తగ్గిందా?

నమస్కారం అండి. తెల్లవారుజామున 3:30 అయింది. తిరుపతిలో ఒక పాత హోటల్ మేడ మీద ఉన్నాను. కింద అప్పుడే బకెట్ల చప్పుడు మొదలైంది. దర్శనానికి వెళ్ళేవాళ్ళంతా దాదాపు ఒకే టైముకి స్నానాలకు దిగుతారు. అందుకే ఇక్కడ కార్బన్ తగ్గించాలంటే వేడినీళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ హోటల్ పాత బ్లాకుకి డీజిల్ బాయిలర్, కొత్త బ్లాకులో గదికో గీజర్ ఉండేవి. పొగ వచ్చే బాయిలర్ తీసేసి అన్నిచోట్లా గీజర్లే పెడదామని ఓనరు గారు మొదట అనుకున్నారట. ఒక్కసారి లెక్క చూడండి. 100 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే గీజర్‌కి 3.5 యూనిట్లు కావాలి. మన గ్రిడ్ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. మొత్తం 2.5 కిలోలు. అవే నీళ్ళకు బాయిలర్ అర లీటరు లోపు డీజిల్ తాగుతుంది, అది 1.2 కిలోలు. పొగే కనిపించని గీజర్‌ది రెట్టింపు!

చివరికి ఆయన ఈ మేడ మీద హీట్ పంప్ పెట్టించారు. అవే నీళ్ళకు దీనిది దాదాపు 0.8 కిలోలే. గాలిలోని వేడిని లాగి నీళ్ళకిస్తుంది, ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. ఇదిగో, ఫ్యాన్ ముందు చెయ్యి పెట్టాను. చల్లగాలి! డక్టు వేసి దీన్ని కింద లాండ్రీలోకి పంపి ఉంటే అక్కడ ఇస్త్రీ చేసేవాళ్ళకు ఎంత హాయిగా ఉండేదో.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, హోటల్ ఒక్కరోజు కూడా మూయలేదు. బాయిలర్‌ని కదపకుండా పక్కనే కొత్త ట్యాంకు పెట్టారు, పైపుల కోసం ఉన్న షాఫ్ట్‌లోంచి లైన్ దించారు. మధ్యాహ్నాలు గదులు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో ఫ్లోరు మార్చుకుంటూ వచ్చారు. బాయిలర్ ఇప్పుడు స్టాండ్‌బై.

హీట్ పంప్‌తో ఇబ్బందులూ ఉన్నాయి. గీజర్‌లా పది నిమిషాల్లో వేడెక్కదు, రాత్రంతా నడిచి ట్యాంకు సిద్ధం చేయాలి. ట్యాంకు చిన్నదైతే చివర స్నానం చేసేవాళ్ళకు గోరువెచ్చని నీళ్ళే. సున్నం ఎక్కువుండే బోరు నీళ్ళయితే దాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ తప్పనిసరి.

ఏసీల సంగతి మాత్రం నాకు బాధ కలిగించింది. ఇంకా పాత ఆర్-22 గ్యాస్‌వే. లీకు వెతక్కుండా ప్రతి వేసవికీ గ్యాస్ నింపిస్తున్నారు. అది ఒక్క కిలో గాలిలో కలిస్తే సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే ఇందాక చెప్పిన గీజర్ లెక్కలో 700 సార్లు నీళ్ళు కాచినట్టు. హీట్ పంప్‌తో మిగిల్చిందంతా అలా పోకూడదు కదండీ.

దిగబోతూ ట్యాంకు నుంచి వచ్చే పైపు పట్టుకున్నాను, చెయ్యి చుర్రుమంది. మెట్ల దాకా దానికి ఇన్సులేషనే లేదు. ఓనరు గారిని పిలిచి, ఆయన చేత కూడా ముట్టించాను. ఈ వారంలోనే చుట్టిస్తానన్నారు.