చిన్నపిల్లల పేరున వచ్చే క్రెడిట్ కార్డు కవరు

అందరికీ నమస్కారం. పిల్లల సంగీతం క్లాసులు, సాకర్ మ్యాచ్‌లు సర్దుకుని ఆదివారం పూట ఇంతమంది వచ్చారు, సంతోషం. సూటిగా విషయంలోకి వస్తాను.

నా చేతిలో ఉన్నది మా అమ్మాయి పేరున వచ్చిన కవరు. పేరు కనపడేలా చిన్న కిటికీ, లోపల అట్టకు అంటించిన ఉత్తుత్తి ప్లాస్టిక్ కార్డు, దాని మీద పెద్దక్షరాల్లో దాని పేరు, ఇంటిపేరు. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు పోస్టు డబ్బాలోంచి తీసుకొచ్చి, "అమ్మలూ, నీకు బ్యాంకు వాళ్ళు ఉత్తరం రాశారే" అని మురిసిపోతూ చేతికిచ్చారు. అది ఆ కార్డు పెట్టుకుని వారం రోజులు షాపు ఆట ఆడుకుంది. నేను కవరు సొరుగులో పడేసి ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నానంటే, అలాంటిదే ఒకటి రెండేళ్ళ ముందు వచ్చింది. ఇండియా ప్రయాణానికి దాని పేరున విమాన మైళ్ళ ఖాతా తెరిచాం. ఆ విమానసంస్థ కార్డు ఇచ్చే బ్యాంకు, ఖాతా ఉన్న వాళ్ళందరికీ పంపినట్టే దీనికీ పంపింది. ఫోన్ చేస్తే అదే చెప్పారు. రెండోదీ అలాంటిదే అనుకున్నాను. కాదు. ఆ రెండు ఉత్తరాలకూ తేడా ఏమిటో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

అమెరికాలో కార్డు ఉత్తరాలు రెండు దారుల్లో వస్తాయి. మొదటిది మామూలు ప్రచారం. మైళ్ళ ఖాతా, పత్రిక చందా, పిల్లల పేరున తెరిచిన సేవింగ్స్ ఖాతా, ఏదో ఒక చోట పేరు, చిరునామా జాబితాకెక్కుతాయి. ఆ జాబితా చేతులు మారుతుంది. వయసు ఎవరూ చూడరు. రెండో దారి వేరు. బ్యాంకు నేరుగా ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ లాంటి క్రెడిట్ బ్యూరోను, అంటే ఎవరెవరు అప్పులు ఎలా తీరుస్తున్నారో ఫైళ్ళు పెట్టే సంస్థను అడిగి, తను పెట్టిన అర్హతలకు సరిపోయే వాళ్ళ పేర్లు తెప్పించుకుంటుంది. దీన్ని ప్రీస్క్రీన్డ్ ఆఫర్ అంటారు. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం దీనికి ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది: ఇలాంటి ఉత్తరాలు వద్దనుకుంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఆ ఉత్తరంలోనే చెప్పాలి. నంబరు 1-888-567-8688. మొదటి పేజీలోనే, విడిగా కనపడేలా ఉంటుంది.

మీ పిల్లల పేరున కవరు వస్తే ముందు ఆ నంబరు వెతకండి. లేకపోతే చాలావరకు అది మామూలు ప్రచారమే, చింపి పారేయవచ్చు. ఉంటే ఆగండి. ఆ పేరు క్రెడిట్ బ్యూరో ఫైల్లోంచి వచ్చిందన్నమాట. మూడో తరగతి చదివే పిల్లకు క్రెడిట్ ఫైలు ఎందుకుంటుంది? మీరే మీ కార్డు వాడుకునే హక్కున్న మనిషిగా, అంటే ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చి ఉంటే ఉండవచ్చు. అదేమీ లేకుండా ఉందంటే ఆరా తీయాల్సిందే.

ఇంకో సంగతి కూడా చూడండి. 2009 మే 22న అధ్యక్షుడు ఒబామా క్రెడిట్ కార్డుల గురించిన కార్డ్ చట్టం మీద సంతకం చేశారు. దాని ప్రకారం, ఫైల్లో ఉన్న పుట్టినతేదీని బట్టి 21 నిండలేదని తెలుస్తుంటే, ఆ మనిషి ఒప్పుకుంటే తప్ప బ్యూరో ఆ పేరును ఇలాంటి జాబితాలో ఇవ్వకూడదు. అంటే, అసలు పుట్టినతేదీ ఫైల్లో ఉంటే మా అమ్మాయికి ఆ ఉత్తరం రాకూడదు. వచ్చిందంటే పుట్టినతేదీ అందులో లేదు, లేదా ఇంకొకరిది ఉంది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. ఎనిమిది నెలల తర్వాత బాకీలు వసూలు చేసేవాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మాయి పేరు చెప్పి మాట్లాడాలన్నాడు. "స్కూల్లో ఉంది, నాలుగో తరగతి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఫోన్ పెట్టేసి సొరుగులోంచి ఈ కవరు తీశాను. మొదటి పేజీలో ఆ ఫోన్ నంబరు ఉంది. మూడు బ్యూరోలకూ ఉత్తరాలు రాస్తే, రెండు చోట్ల ఏమీ లేదు, మూడో చోట ఫైలు ఉంది. పేరు దానిది, సోషల్ సెక్యూరిటీ నంబరు (ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) దానిది, పుట్టినతేదీ మాత్రం 1986. మా చిరునామా కింద, మేం ఎన్నడూ అడుగుపెట్టని రాష్ట్రంలో ఇంకో చిరునామా. ఒక దుకాణం కార్డు, ఒక మొబైల్ కనెక్షన్. రెండూ ఎగవేత. దాని సోషల్ సెక్యూరిటీ నంబరు ఎక్కడ జారిందో ఇప్పటికీ తెలియదు.

దొంగకు పిల్లల నంబరే ఎందుకు కావాలి? ఆ నంబరు ఖాళీ పలక కాబట్టి. మనం మన కార్డు బిల్లు నెలనెలా చూసుకుంటాం. పిల్లల నంబరును పద్దెనిమిదేళ్ళు ఎవరూ తిరిగి చూడరు. 2011 జూన్ దాకా నంబరులో మొదటి మూడు అంకెలు చూస్తే ఏ ప్రాంతంలో ఇచ్చారో తెలిసేది. తర్వాత అదీ పోయింది, దానితో పుట్టినతేదీకి నంబరు పొసగడం లేదని పట్టుకోవడం ఇంకా కష్టమైంది. అదే ఏడాది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళ నివేదిక వచ్చింది. ఒక గుర్తింపు రక్షణ సంస్థ పరిశీలించిన 42,232 మంది పిల్లల్లో 4,311 మంది నంబర్లు వేరేవాళ్ళు వాడుతున్నారని అందులో ఉంది. దేశం మొత్తానికి అదే లెక్క అనలేం. కానీ ఆ 4,311 మంది నిజం పిల్లలు.

మనవాళ్ళలో రెండు రకాల కుటుంబాలు ఇది ముఖ్యంగా వినాలి. ఇక్కడ పుట్టిన పిల్లలను తీసుకుని హైదరాబాదో, విజయవాడో తిరిగి వెళ్ళిపోయిన వాళ్ళు. నంబరు ఇక్కడే మిగిలిపోతుంది, ఉత్తరాలు పాత అపార్టుమెంటుకు వెళ్తాయి. పిల్లలు కాలేజీకి వచ్చి అద్దె ఇంటికి అప్లికేషన్ పెట్టిన రోజున సంగతి బయటపడుతుంది. రెండో మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. పిల్లల నంబరు వాడేది చాలాసార్లు తెలిసినవాళ్ళే. "నా క్రెడిట్ బాగాలేదు వదినా, చిన్నోడి పేరున కరెంటు కనెక్షన్ తీసుకుంటాను, నేనే కట్టేస్తాను" అంటే మొహమాటపడి ఒప్పుకోకండి. కట్టకపోతే, మచ్చ తుడవడానికి ప్రభుత్వ వెబ్‌సైటు ఐడెంటిటీ థెఫ్ట్ డాట్ గవ్‌లో ఫిర్యాదు పెట్టాలి, అవసరమైతే పోలీసులకూ చెప్పాలి. అప్పుడు మీరు ఎవరి పేరు రాస్తారు?

ఇక చేయాల్సింది. దేశంలో ప్రతి తల్లీ తండ్రీ 2018 సెప్టెంబరు 21 నుంచి 16 ఏళ్ళలోపు పిల్లల క్రెడిట్‌ను పైసా ఖర్చు లేకుండా ఫ్రీజ్ చేయించవచ్చు, అంటే ఆ పేరున ఎవరూ కొత్త అప్పు తెరవకుండా ఆపించవచ్చు. ఫైలు లేకపోతే ఫ్రీజ్ కోసమే బ్యూరో ఒకటి తయారుచేసి తాళం వేస్తుంది. మూడు చోట్లా విడివిడిగా పంపాలి: పిల్లల బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు నకళ్ళు, మీ గుర్తింపు, చిరునామా రుజువు. ఒక శనివారం పొద్దుటి పని. కవరు వచ్చేదాకా ఆగకండి. దొంగ వేరే పేరు, వేరే చిరునామా కలిపి వాడుతుంటే మీ ఇంటికి అసలు కవరే రాదు. డెంటిస్టు ఫారంలో, డేకేర్ ఫారంలో నంబరు గడి కనిపించగానే నింపేయకండి. ఎందుకని అడగండి, చాలాచోట్ల ఖాళీగా వదిలేసినా ఊరుకుంటారు.

ప్రభుత్వం సంరక్షణలో పెరిగే ఫాస్టర్ పిల్లలకు 14 నిండినప్పటి నుంచి ఏటా క్రెడిట్ రిపోర్టు తీసి చూపించాలని చట్టమే ఉంది. మన ఇంట్లో పిల్లలకు ఆ పని మనమే చేయాలి.

మా అమ్మాయి ఫైలు శుభ్రపడడానికి ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. మూడు బ్యూరోల నుంచి వచ్చిన ఫ్రీజ్ కాగితాలు బర్త్ సర్టిఫికెట్‌తో పాటు నీలం ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు ఎక్కడుందో దానికీ చూపించాం.

పిల్లల పేరున వచ్చిన కవర్లు తెమ్మని ముందే చెప్పాను. తెచ్చినవాళ్ళు ఈ బల్ల దగ్గరికి రండి, ఆ ఫోన్ నంబరు ఉందో లేదో కలిసి చూద్దాం.